సమస్యలేమన్నా ఉంటే చెప్పండి

నేను బతికేది ప్రశ్నలు రాసి. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో, యాప్‌ల కోసం ఫీడ్‌బ్యాక్ ఫారాలు తయారుచేసే టీములో పనిచేస్తాను. మీరు బిర్యానీ తెప్పించుకున్న పది నిమిషాలకు ‘మా సేవ మీకు ఎంతవరకు నచ్చింది’ అని ఫోన్లో ఒక పెట్టె తెరుచుకుంటుంది చూడండి, ఆ పెట్టెలో ‘ఎంతవరకు’ అన్న మాట ఉండాలా వద్దా అని రెండు గంటలు వాదించుకునే వాళ్లలో నేనొకదాన్ని. ఈ పనిలో ఆరేళ్లు గడిచాక, జనాన్ని ఎట్లా అడగాలో నాకు తెలుసనే ఒక గర్వం వచ్చేసింది. పోయిన ఆగస్టులో వినాయక చవితికి ప్రొద్దుటూరు పోయినప్పుడు అది కాస్త దిగింది.

మొదటి దెబ్బ మా అమ్మ కొట్టింది. వంటింట్లో పోపు పెడుతుంటే ఆమెకు ఫోనొచ్చింది. ప్రభుత్వం వాళ్ల ఐవీఆర్ఎస్ కాల్. రికార్డు చేసిన గొంతు ఏదో సేవ గురించి అడిగి, సంతృప్తిగా ఉంటే ఒకటి, లేకపోతే రెండు నొక్కమంటోంది. అమ్మ ప్రశ్న పూర్తి కాకముందే ఒకటి నొక్కి ఫోన్ పక్కన పెట్టేసింది.

“ఏమి అడిగినారో ఇన్నావా?”

“ఏదైతేనేమే. ఒకటి నొక్కితే ఆడికి అయిపోతాది. ఒగసారి రెండు నొక్కితే మళ్లా ఎవురో మనిషే ఫోన్ జేసి, ఏందమ్మా మీ సమస్య, ఏ వార్డు, పేరేంది అని అడిగె. ఆ పొద్దు మీ నాయన నన్ను ఎంత అరిసినాడో!”

మా ఆఫీసు లెక్కలో మా అమ్మ ‘పూర్తి సంతృప్తి చెందిన వినియోగదారు’. అట్లాంటి ఒకట్లు లక్షలు పోగైతే ఒక శాతం తయారవుతుంది. ఆ శాతం ఎవరో ఒక సమీక్షా సమావేశంలో తెర మీద చూపిస్తారు. నేనూ అట్లాంటి తెరలు చాలా తయారుచేశాను గనక ఆ పొద్దు పెద్దగా నవ్వలేకపోయాను.

అదే వారంలో నాయనతో కలిసి ఊర్లో ఒక పోలీస్ స్టేషన్‌కు పోయినాను. ఏ స్టేషనో చెప్పను, అక్కర్లేదు కూడా. చవితి ముందర మన ఊర్లన్నిట్లోనూ జరిగే పీస్ కమిటీ మీటింగు అది. నాయనకు చిన్న బట్టలంగడి ఉంది. అంగడ్ల వాళ్లను కూడా రమ్మన్నారు. ఖాళీగా ఉన్నా కదా అని నేనూ స్కూటర్ వెనక ఎక్కాను. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు. ముందు వరసలో మండపాల పిల్లోళ్లు, మసీదు కమిటీ పెద్దలు, ఒకరిద్దరు మాజీ కౌన్సిలర్లు, బంగారు అంగళ్ల వాళ్లు. ఆడవాళ్లం ఇద్దరమే. ఒకరు నేను, ఇంకొకరు ఫొటోలు తీసుకుంటున్న ఒక వార్డు మహిళా పోలీసు.

మైకు తీసుకున్న అధికారి మంచి మనిషిలాగే ఉన్నాడు. డీజేలు, నిమజ్జనం దారి, కరెంటు తీగలు, అన్నీ వివరంగా చెప్పాడు. ఉన్న సిబ్బందితోనే ఈ ఊరంతా చూసుకోవాల్సి వస్తోందని, రాత్రి గస్తీకి బండ్లు చాలడం లేదని దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. నాకది నచ్చింది. ఆ తర్వాత, “మీ వీధుల్లో సమస్యలేమన్నా ఉంటే చెప్పండి, ఫ్రీగా మాట్లాడండి” అన్నాడు.

షామియానా కింద ఒక్క మాట లేదు. టీ కప్పులు పంచే పిల్లోడి చెప్పుల చప్పుడు మాత్రం వినబడింది. చివరికి ముందు వరసలో ఒక పెద్దాయన లేచి, “ఏం సమస్యల్లేవు సార్. మీరొచ్చినాక ఊరు ప్రశాంతంగా ఉండాది” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఈ వాక్యం ఆయన ఇంతకు ముందు వచ్చిన అధికారికీ చెప్పాడని, ఆ ముందాయనకూ చెప్పాడని నాయన తర్వాత చెప్పాడు.

ఆ తర్వాత సీసీ కెమెరాల సంగతి వచ్చింది. ప్రధాన కూడళ్లలో కెమెరాలు పెట్టుకుంటే అందరికీ మంచిదని, వ్యాపారస్తులు తలా ఒక చెయ్యి వేయాలని. ఇది మా ఊరికే పుట్టిన ఆలోచన కాదు. 2013లో ఉమ్మడి రాష్ట్రంలోనే ప్రజాభద్రత చట్టం ఒకటి తెచ్చి, జనం ఎక్కువగా వచ్చే అంగళ్లు, హాళ్లు సొంత ఖర్చుతో కెమెరాలు పెట్టుకోవాలన్నారు. హైదరాబాద్‌లో ‘నేను సైతం’ పేరుతో కాలనీల వాళ్ల చేత డబ్బు పెట్టించి వేల కెమెరాలు పెట్టించారు. మా షామియానా కింద మాత్రం కెమెరా ఎక్కడ ఉండాలని ఎవరూ అడగలేదు. ఎవరు ఎంత ఇస్తారన్నదే రాసుకున్నారు. నాయన కూడా ఒక అంకె చెప్పాడు. మా అంగడి ఉన్న సందులో మాత్రం కెమెరా రాదు, అది కూడలి కాదు కాబట్టి.

ఇంటికొచ్చే దారిలో, మైదుకూరు రోడ్డు దాటేదాకా నాయన ఏం మాట్లాడలేదు. దాటినాక తనంతట తనే మొదలుపెట్టాడు. ఫలానా సందులో ఆరు నెలలుగా లైటు లేదు. ఐపీఎల్ వస్తే చాలు, ఆ మిద్దె కింద పిల్లోళ్లు బెట్టింగులకు గుంపుగా చేరతారు. పోయిన నెల ఒక ఆడమనిషి మెడలో గొలుసు అక్కడే పోయింది, ఆమె కేసు కూడా పెట్టలేదు. పది నిమిషాల్లో మా పేట మొత్తం మ్యాపు గీసినట్టు చెప్పాడు.

“మరి ఆడ ఎందుకు చెప్పలేదు నాయనా?”

“ఆ సందులో లైటు లేదని నేను చెప్తే, ఆ సందులో ఎవురి ఇల్లు ఉండాదో వాళ్లకు పోతాది మాట. ఎవురు చెప్పినారంటారు. ఎవురు చెప్పిచ్చినారంటారు. ఆ మిద్దె ఎవురిదో, వాళ్లు ఎవురి మనుషులో నీకు తెల్సునా?”

నాకు తెలీదు. చిన్నప్పటి నుంచి తెలియకుండా పెంచారు.

నాయన పుట్టింది జమ్మలమడుగు పక్క ఒక పల్లెలో. పెన్న దాటి పోవాలి. ఆ పల్లెను వదిలి ప్రొద్దుటూరులో అంగడి పెట్టుకున్నది ఎందుకో మాకు ఎప్పుడూ సూటిగా చెప్పలేదు. ‘సేద్యంలో ఏముంది’ అనేవాడు. ఆ ప్రాంతంలో రెండు కుటుంబాల మధ్య పగ ఎన్ని ఊర్లను రెండుగా చీల్చిందో పేపర్లు చదివే అందరికీ తెలుసు. సినిమాల్లో దాన్ని సుమోలు, బాంబులుగా చూపిస్తారు. మా ఇంట్లో దాని ఆనవాలు ఇంకోలా ఉంటుంది: బయటి మనిషి ఏదన్నా అడిగితే మా నాయన ముందు ఒక క్షణం ఆగుతాడు. ఎవరడుగుతున్నారు, పక్కన ఎవరున్నారు, ఈ జవాబు యాడికి పోయి చేరుతుంది. ఆ లెక్కంతా ఆ క్షణంలో అయిపోతుంది. బాలగోపాల్ లాంటి వాళ్లు రాయలసీమ ముఠాల గురించి చాలా రాశారు. కాంట్రాక్టులు, పంచాయతీ పదవులు, నీళ్లు, భూమి, అన్నీ అందులో ఉన్నాయి. నేను చూసినది మాత్రం ఆ ఒక్క క్షణమే. మా ఆఫీసులో దాన్ని ‘రెస్పాన్స్ టైమ్’ అంటాం. ఎక్కువైతే ప్రశ్న అర్థం కాలేదని రాసుకుంటాం.

మీటింగు జరిగిన మర్నాడు జేజిని చూడ్డానికి పల్లెకు పోయినాను. ఆమెకు ఎనభై దాటింది, మాట మాత్రం గట్టిగానే ఉంది. మీ కాలంలో ఊరికి కాపలా ఎవరని అడిగితే, తలారి అంది. కళ్లం కాడ కుప్ప తూర్పారబట్టినాక చాకలికి, మంగలికి కొలిచినట్టే తలారికీ మేర కొలిచి ఇచ్చేవాళ్లంట. ఎవరి చేలో పశువులు పడ్డాయో, ఏ ఇంట్లో కొత్త మనిషి దిగాడో ఆయనకు తెలిసేది.

“అంటే ఊరోళ్లు పెట్టుకున్న పోలీసు” అన్నాను, ఏదో గొప్ప సంగతి కనుక్కున్నట్టు.

జేజి నా మొఖం చూసి నవ్వింది. “మేర అందరిదీ పాపా. మాట మాత్రం రెడ్డిది. తలారి మనం చెప్పింది ఇంటాడా?”

ఈ ఒక్క మాటతో నా తలలో ఉన్న బంగారు గతం కూలిపోయింది. కరణాలు, మునసబుల వ్యవస్థను 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రద్దు చేసినప్పుడు మా ఊర్లో కొందరు ఏడ్చారని, కొందరు పాయసం వండుకున్నారని జేజి చెప్పింది. తానేం చేసిందో అడగలేదు.

అడగడం అనేది మా వైపు కొత్తది కాదు. 1800లో దత్తమండలాలకు వచ్చిన మన్రో ఏళ్ల తరబడి ఊరూరా గుడారాలు వేసుకుని తిరిగి పొలాలు కొలిపించాడు. ఆ మనిషిని మా వాళ్లు ‘మండ్రోలయ్య’ అని పిల్లలకు పేర్లు పెట్టుకునేదాకా పోయారు. సర్కారు మనిషి మన గడప ముందు నిలబడి అడిగితే అంత ముచ్చట పడతాం. పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఏడాదికి కనీసం రెండుసార్లయినా గ్రామసభ జరగాలి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో ఉన్న 13,326 పంచాయతీల్లో ఒకే రోజు సభలు పెట్టారు. మా చిన్నాయన పోయినాడు. చేయాల్సిన పనుల జాబితా టైపు చేసి తెచ్చారని, చదివి వినిపించారని, సంతకాలు పెట్టామని చెప్పాడు. “అడిగినారా?” అంటే, “అడిగినారు. సంతకం పెడతారా అని అడిగినారు” అన్నాడు. ఆ సభ జరగడమే మేలని కూడా ఆయనే అన్నాడు. అంతకుముందు రిజిస్టరు ఇంటికే వచ్చేదంట.

పోనీ అక్కడ పోలీసుల గురించి అడగొచ్చా అంటే, అదీ లేదు. పంచాయతీలకు అప్పగించగల పనులని రాజ్యాంగం 11వ షెడ్యూల్లో 29 అంశాలు రాసింది. మున్సిపాలిటీలకు 12వ షెడ్యూల్లో 18. రెండింట్లోనూ పోలీసు లేదు. వీధి దీపం మున్సిపాలిటీది. ఆ దీపం కింద నిలబడాల్సిన మనిషి రాష్ట్ర ప్రభుత్వం మనిషి. వార్డు కమిటీల సంగతి చూస్తే, మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న ఊర్లకే రాజ్యాంగం వాటిని తప్పనిసరి చేసింది. ప్రొద్దుటూరు మున్సిపాలిటీ జనాభా 2011 లెక్కల్లో రెండు లక్షలకు కూడా చేరలేదు. రెండో బొంబాయి అని మేమే చెప్పుకుంటాం గానీ రాజ్యాంగం దృష్టిలో చిన్న ఊరు.

జమ్మలమడుగు నుంచి అట్లే బస్సెక్కి, ముద్దనూరు, తొండూరు మీదుగా పులివెందుల పోయినాను. మా అక్క అక్కడ ఉంటుంది. బావది ఆ ఊరే. అక్క ఉద్యోగం పేరు ‘మహిళా సంరక్షణ కార్యదర్శి’. 2019 అక్టోబర్ 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలైనప్పుడు, లక్షా ముప్పై వేలకు పైగా ఉద్యోగాలు తీసినప్పుడు వచ్చింది. 2021 జూన్‌లో ఒక జీవోతో వాళ్లందరినీ ‘మహిళా పోలీసు’ అన్నారు. పోలీసు నియామకం ఇట్లా చేయొచ్చా అని హైకోర్టులో కేసులు పడ్డాయి. మా అక్క యూనిఫాం కుట్టించుకుంది, కొన్నాళ్లు వేసుకుంది, తర్వాత మడిచి బీరువాలో పెట్టింది. జనం మాత్రం ‘పోలీసక్క’ అనే పిలుస్తారు.

ఇక్కడ ‘కోత’ గురించి చెప్పాలి. మా వైపు కోత అంటే పంట కోత, లేకపోతే కరెంటు కోత. బడ్జెట్ కోత అన్న మాట పేపర్లో తప్ప ఎవరి నోటా వినలేదు. ఎందుకంటే అది ఎప్పుడూ ఆ పేరుతో రాదు. ఇంటింటికీ తిరిగే వాలంటీర్లను 2019 ఆగస్టులో యాభై ఇళ్లకొకరు చొప్పున, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంతో పెట్టారు. 2024 ఎన్నికల తర్వాత వాళ్లు లేరు. ఆ వ్యవస్థ మంచిదా చెడ్డదా అని మా ఇంట్లోనే రెండు వాదనలున్నాయి. ఆ వాలంటీరు ఎవరి మనిషి అన్న అనుమానంతో నాయన వాడికి టీ కూడా ఇచ్చేవాడు కాదు, అమ్మ మాత్రం కాకరకాయ వేపుడు కట్టిచ్చేది. కానీ వాళ్లు ఉండాలా వద్దా అని ఆ యాభై ఇళ్లను పెట్టేటప్పుడూ అడగలేదు, తీసేటప్పుడూ అడగలేదు. 2025 జనవరిలో సచివాలయాల ‘హేతుబద్ధీకరణ’ వచ్చింది. 2,500 లోపు జనాభా ఉంటే ఆరుగురు, 3,500 దాకా ఏడుగురు, ఆపైన ఎనిమిది మంది. లెక్క తప్పని నేననను. కొన్ని సచివాలయాల్లో పని కంటే కుర్చీలు ఎక్కువని అక్కే చెప్పేది. అయితే ఆ లెక్క జనాభాను చూసింది గానీ ఏ సందు చీకటిగా ఉందో చూడలేదు. ఇప్పుడు అక్కకు రెండు సచివాలయాలు.

ఆమె ఒక నెల ఎట్లుంటుందో చెప్తాను. ఒకటో తారీఖు తెల్లారకముందే 4,000 రూపాయల పింఛన్లు పట్టుకుని గడపగడపకు. ఆ తర్వాత ఏదో ఒక సర్వే. 2025 మార్చిలో పీ4 అని పేదల్ని గుర్తించే సర్వే చేశారు. స్కూళ్లలో పిల్లలకు మంచి స్పర్శ, చెడు స్పర్శ చెప్పాలి. మొగుడూపెళ్లాల గొడవలకు పోవాలి. మంత్రులు వస్తే రోడ్డు పక్కన నిలబడాలి. అంతకు రెండు వారాల ముందు, ఆగస్టు 12న, పులివెందుల జెడ్పీటీసీ ఉప ఎన్నిక జరిగింది. ఓటర్లు పదివేల పైచిలుకు. ఆ ఒక్క స్థానం కోసం ఎక్కడెక్కడి నుంచో పోలీసులు దిగారు, బారికేడ్లు, వాహనాల తనిఖీలు. దేశమంతా మా వైపు చూసింది. “ఆ వారం రోజులు ఆడపిల్లలు అర్ధరాత్రి ఒంటరిగా తిరగొచ్చు మే, అంతమంది ఉండిరి. ఎవురూ బయటికే రాలేదు గానీ” అంది అక్క.

రాత్రి మిద్దె మీద పడుకుని, బర్మింగ్‌హామ్‌లో ఉండే నా డిగ్రీ స్నేహితురాలికి ఇదంతా వాట్సాప్‌లో చెప్పుకుంటూ పోయాను. ఆమె నవ్వి, తనకు వచ్చిన ఒక ఫారం గురించి చెప్పింది. అక్కడ 2012 నుంచి పోలీసు వ్యవహారాలు చూసేందుకు చాలా ప్రాంతాలకు ఒక్కో కమిషనర్‌ను జనమే ఎన్నుకుంటున్నారు. వాళ్లు ఏటా జనాన్ని అడుగుతారు: ఏ నేరాల మీద ముందు దృష్టి పెట్టమంటారు, పోలీసుల కోసం మీ కౌన్సిల్ ట్యాక్స్‌లో ఇంకొన్ని పౌండ్లు కలపమంటారా అని. ఎంత బాగుందో అనుకున్నాను. తర్వాత చదివితే, 2010 నుంచి 2018 మధ్య ఇంగ్లండ్, వేల్స్‌లో పోలీసులు దాదాపు 20,000 మంది తగ్గారు. అంటే అడుగుతూనే తగ్గించారు. మొదటి కమిషనర్ల ఎన్నికల్లో ఓటు వేసింది నూటికి పదిహేను మందే. నవంబర్‌లో అక్కడి ప్రభుత్వం ఆ పదవులనే ఎత్తేస్తామని ప్రకటించింది. అయినా ఆ ఫారం నాకు నచ్చింది. ‘డబ్బు తక్కువుంది, దేన్ని వదులుకుందాం’ అని ఒక ప్రభుత్వం నోరు తెరిచి అడగడం నేనెప్పుడూ చూడలేదు. మా దగ్గర ఆ ప్రశ్న ఉండదు, చందా పుస్తకమే ఉంటుంది.

మర్నాడు అక్క వెనక స్కూటీ ఎక్కి ఆమె వార్డు తిరిగాను. పెన్నూ కాగితాల అట్టా పట్టుకున్నాను, ఆఫీసు బుద్ధి. మొదటి నాలుగిళ్లలో అక్క అలవాటుగా, “ఏమన్నా సమస్యలుండాయా?” అని అడిగింది. లేవు, లేవు, నీళ్లు రాలేదు, లేవు. నాకు చేయి దురద పెట్టింది. ఐదో ఇంట్లో నేనే అడిగాను: “రాత్రి ఎనిమిది దాటినాక అంగడికి పోవాలంటే ఏ దారిన పోతారు?”

ఆమె మొదట నవ్వింది. “ఎనిమిదైనాక మేమెందుకు పోతాము?” ఆ తర్వాత, పోవాల్సొస్తే గుడి మీదుగా తిరిగి పోతామంది. పక్కింటామె కొడుకును పంపిస్తానంది. ఇంకో ఇంట్లో కోడలు చెప్పబోతే అత్త సరిచేసింది, ఆ దారి కాదు ఈ దారి అని. వాళ్లు చెప్తుంటే నేను గీస్తూ పోయాను. ఎవరూ ఎవరి మీదా ఫిర్యాదు చేయడం లేదు. ఎవరి పేరూ రావడం లేదు. ఊరికే తాము నడిచే దారి చెప్తున్నారు. ఇరవై రెండు ఇళ్లయ్యేసరికి కాగితం మీద గీతలన్నీ ఒకచోట పక్కకు తిరుగుతున్నాయి. అది నీళ్ల ట్యాంకు మలుపు. దగ్గరి దారి అదే. ఒక్కరు కూడా అటు పోవడం లేదు.

అక్క ఆ కాగితం చాలాసేపు చూసింది. “నాలుగేండ్లుగా దినామూ ఆ మలుపు మీద నుంచే స్కూటీలో పోతాండా. నాకెవురూ చెప్పలే.”

“నువ్వు అడగలేదు గదా.”

“అడిగినా గదమ్మే, సమస్యలుండాయా అని!”

చివరి ఇంట్లో ఒకామె మాకు దారి ఏమీ చెప్పలేదు. గేటు సగమే తీసి, లోపలికి ఒకసారి చూసి, “అక్కా, నీ నంబరు పాతదేనా?” అని అడిగింది. పాతదే అంది అక్క. ఆమె తలుపేసుకుంది. ఆ ఇంటి సంగతి నేనిక్కడ రాయను. అక్క స్కూటీ స్టార్ట్ చేస్తూ చెప్పిందేమంటే, సచివాలయం గోడ మీద రాసిన నంబరు తన సొంత సిమ్. తనను రేపు ఇంకో చోటికి వేస్తే ఆ నంబరూ తనతో పోతుంది, పోకపోతే రాత్రుళ్లు తన నిద్ర పోతుంది. ఏ సర్వేలోనూ ఆ తలుపు ‘సంతృప్తి’ అనే వస్తుంది.

ఇంటికొచ్చాక నేను ఉత్సాహంగా ఆ మ్యాపును శుభ్రంగా మళ్లీ గీసి, ఫొటో తీసి గ్రూపులో పెడదామన్నాను, కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఇద్దామన్నాను. అక్క కాగితం నా చేతిలోంచి తీసేసుకుంది.

“ఇది ఎవురి చేతిలో పడితే వాళ్లకు, ఆడోళ్లు రాత్రిపూట ఏ దారిన పోతాండారో అంతా తెలుస్తాది. ఆలోచించినావా?”

ఆలోచించలేదు. ఆరేళ్లుగా ప్రశ్నలు రాస్తున్నాను, జవాబు కాగితం ఎవరి చేతిలో ఉండాలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మాకు దానికి ఒక ‘డేటా పాలసీ’ ఉంది, నాలుగు పేజీలు, ఎవరూ చదవరు. అక్క ఆ కాగితాన్ని సచివాలయం ఫైల్లో కాకుండా తన హ్యాండ్‌బ్యాగు లోపలి జిప్పులో పెట్టుకుంది. పైకి మాత్రం ఒకే వాక్యం రాసింది: నీళ్ల ట్యాంకు మలుపులో వీధి దీపం అవసరం. ఎవరు అడిగారో, ఎంతమంది అడిగారో రాయలేదు.

ప్రొద్దుటూరు తిరిగొచ్చి రాత్రి భోజనాల కాడ ఇదంతా నాయనకు చెప్పాను. ఆయన వింటూ, సంగటి ముద్ద తుంచుకుంటూ, ఏమీ అనలేదు. చేయి కడుక్కున్నాక తడి వేలితో బల్ల మీద ఒక గీత గీశాడు. “ఇది మన అంగడి.” ఇంకో గీత. “ఇది ఇల్లు.” మధ్యలో సూటిగా గీస్తాడనుకున్నాను. వేలు సినిమా హాలు దిక్కు పోయి, అక్కడి నుంచి వెనక్కి వంగి, స్కూలు గోడ వెంబడి ఇంటికి చేరింది.

“దినామూ ఇట్లనే వస్తావా?”

“ఊ.”

“ఎప్పట్నుంచి?”

“నువ్వు ఏడో తరగతిలో ఉన్నప్పట్నుంచి.” ఎందుకో చెప్పలేదు. తడి ఆరిపోయేదాకా కూర్చుని, లేచి టీవీ పెట్టుకున్నాడు.

హైదరాబాద్ వచ్చిన మూడు వారాలకు అక్క మెసేజ్ పెట్టింది. ట్యాంకు కాడ లైటు వేశారంట. ఎల్ఈడీదే గానీ కాస్త మసకగా ఉందంట. ఆడవాళ్లు ఇప్పుడు ఆ దారిన పోతున్నారా అని అడిగాను. “ఇంకా అడగలే. పోయినవారం అంతా బందోబస్తు” అని రాసింది.